ఫైలు మీది, తాళం ఎవరిది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు గురించీ, ఇంటర్నెట్‌లో గోప్యత గురించీ ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఈ విషయం కొత్తగా చదువుతున్నవారి కోసం ముందుగా ఒక మాట చెప్పాలి. ఒక ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకోవడానికీ, అది లోపల ఎలా పనిచేస్తుందో చదివి అవసరమైతే మార్చుకోవడానికీ, నకళ్లు పదిమందికి పంచడానికీ, తాము మార్చిన రూపాన్ని కూడా పంచడానికీ అనుమతి ఉంటే దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అంటారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించడంతో ఈ ఉద్యమం మొదలైంది. తెలుగునాట 'స్వేచ్ఛ' అనే సంస్థ 2005 నుంచి దీన్ని భుజాన వేసుకుని నడుపుతోంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ పని చేస్తున్నాను. పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు అన్నీ అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో చేసినవే. విండోస్ 10కి ఇక సపోర్టు లేదంటున్నారు. మా మేనల్లుడు లినక్స్ వేసుకోమంటున్నాడు. వేసుకుంటే నా పాత ఫైళ్ల గతి ఏమిటి? (డీటీపీ ఆపరేటర్, తెనాలి)

మీకు రెండు చిక్కులున్నాయి. విండోస్ సంగతి చిన్నది, అక్షరాల సంగతి పెద్దది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టును 2025 అక్టోబరు 14తో ఆపేసిన మాట నిజమే. అంతమాత్రాన మీ కంప్యూటరు ఆగిపోదు. భద్రతకు సంబంధించిన మరమ్మతులు రావడం ఆగిపోతుంది కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించి వాడటం రోజురోజుకూ ప్రమాదమవుతుంది. విండోస్‌కు బదులు వేసుకోగల స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం లినక్స్; అందులో లినక్స్ మింట్ లాంటిది నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద కూడా హాయిగా నడుస్తుంది కాబట్టి మీ మేనల్లుడి సలహాలో తప్పు లేదు. అయితే అను స్క్రిప్ట్ మేనేజరు గానీ పేజ్‌మేకర్ గానీ లినక్స్ కోసం తయారైనవి కావు. వైన్ అనే ప్రోగ్రాము సాయంతో కొన్ని విండోస్ ప్రోగ్రాములు లినక్స్‌లో నడుస్తాయి గానీ, రేపు ఉదయానికల్లా పుస్తకం ప్రెస్సుకు పంపాల్సిన మనిషి దాన్ని నమ్ముకోవాలని నేను చెప్పలేను.

అసలు చిక్కు ఇది. అను ఫాంటుతో మీరు 'క' అని కొట్టినప్పుడు ఫైలులోకి వెళ్లేది తెలుగు 'క' కాదు, ఏదో ఒక ఇంగ్లీషు అక్షరమో చిహ్నమో వెళ్తుంది. ఆ అక్షరం ఉండాల్సిన చోట 'క' బొమ్మను గీసిపెట్టిన ఫాంటు యంత్రంలో ఉన్నంతకాలమే అది మన కంటికి తెలుగులా కనిపిస్తుంది. పాత ఫైలు ఒకటి తెరిచి, ఒక పేరాను సెలెక్ట్ చేసి, ఫాంటును ఏరియల్‌కు మార్చి చూడండి. డాలరు గుర్తులు, చుక్కల అక్షరాలు, బ్రాకెట్లు కలగలిసిన గందరగోళం కనిపిస్తుంది. ఫైలులో నిజంగా ఉన్నది అదే. అందుకే ఆ ఫైళ్లలో తెలుగు మాట పెట్టి వెతికితే దొరకదు, వెబ్‌సైటులో అతికిస్తే చదవడానికి రాదు, అంధ పాఠకుల కోసం పైకి చదివి వినిపించే ప్రోగ్రాములకు అది అంతు పట్టదు. ఇరవై ఏళ్లుగా తెలుగులో అచ్చయిన పుస్తకాల్లో పెద్ద భాగం ఇలా ఫాంటు తాళం కింద పడి ఉంది. ఆ తాళం చెవి పుస్తకం రాసినవారి దగ్గరా లేదు, దాన్ని కూర్చిన మీ దగ్గరా లేదు.

ప్రపంచ లిపుల్లోని ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు 128 స్థానాలు కేటాయించి ఉన్నాయి. అందులో 'క' ఏ ఫాంటులోనైనా, ఏ కంప్యూటరులోనైనా 'క'గానే ఉంటుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, అవి పనిచేస్తాయి కూడా. కానీ పాత ఫాంట్లలో గుడి, కొమ్ము, తలకట్టు, ఒత్తు ముక్కలుగా విడివిడిగా ఉంటాయి; వాటిని తిరిగి అక్షరంగా కూర్చేటప్పుడు 'రాష్ట్రం', 'స్త్రీ', 'జ్యోత్స్న' లాంటి మాటల దగ్గర ఒత్తులు తారుమారవుతాయి. అరసున్నలు మాయమవుతాయి. పాత పద్యకావ్యాల పని అయితే ప్రూఫు మళ్లీ మొదటి నుంచి దిద్దాల్సిందేనని సిద్ధపడండి. కాబట్టి అన్నింటినీ ఒకేసారి మార్చే పని పెట్టుకోకండి. పునర్ముద్రణకు వచ్చే అవకాశం ఉన్న పుస్తకాలను ముందు మార్చండి. శుభలేఖలకు పీడీఎఫ్ తీసి పెట్టుకుంటే చాలు. పాత యంత్రాన్ని ఇంటర్నెట్ తీసేసి, అను పనులకు మాత్రమే ఉంచుకోండి. అది నడుస్తుండగానే మార్పిడి పూర్తి చేయడం మంచిది, ఎందుకంటే హార్డ్‌డిస్కు చెప్పి పోదు.

కొత్త పనులు మాత్రం ఇవాళ్టి నుంచే యూనికోడ్‌లో మొదలుపెట్టవచ్చు. పోతన, వేమన ఫాంట్లు చాలాకాలంగా స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. సురవరం, మండలి, రామభద్ర, గురజాడ లాంటి ఫాంట్లు కూడా ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతాయి కాబట్టి అచ్చుకు వాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచనం పుస్తకాలకు లిబ్రెఆఫీస్ రైటర్ సరిపోతుంది. పేజీలో బొమ్మలు, పెట్టెలు, నాలుగు రంగుల అచ్చు కావాలంటే స్క్రైబస్ ఉంది, పాత 1.4 రకంలో తెలుగు ఒత్తులు చెదిరిపోయేవి గానీ 2024లో వచ్చిన 1.6లో ఆ బాధ తీరింది. ప్రెస్సుకు పీడీఎఫ్ పంపితే మీరు దేంతో కూర్చారని వారు అడగరు. కీబోర్డు అలవాటు మారడమే అన్నిటికన్నా కష్టం. మీ వేళ్లకు అనులోని యాపిల్ అనే కీబోర్డు అమరిక అలవాటైపోయి ఉంటుంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ సిద్ధంగా ఉండే ఇన్‌స్క్రిప్ట్ అమరికకు మారితే మొదట్లో వేగం తగ్గుతుంది. ఆ కొన్నాళ్లు గడువు తక్కువున్న పనులు ఒప్పుకోకండి.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో పాత కంప్యూటర్లు మూలన పడి ఉన్నాయి. విండోస్ 11 వాటి మీద ఎక్కదు. ఇంటర్నెట్ ఉన్నట్టే ఉండి పోతుంది. వీటితో ఏమైనా చేయవచ్చా? (ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా)

చేయవచ్చు. దక్షిణాది రాష్ట్రాలలో కేరళ ఈ పని పెద్ద ఎత్తున చేసింది. అక్కడ 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ ప్రాజెక్టు కొన్నేళ్లకే ప్రభుత్వ పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మార్చింది. 2017లో అదే 'కైట్' అనే ప్రభుత్వ సంస్థ అయింది. పాఠశాలల కోసం తమదైన లినక్స్ రూపాన్ని వారు తయారుచేసుకుని ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చారు. లైసెన్సు రుసుము మిగలడం కన్నా, పాఠ్యపుస్తకానికి తగ్గట్టు ప్రోగ్రాములను తామే మార్చుకోగలగడం అక్కడ ఎక్కువ ఉపయోగపడిందని నా అభిప్రాయం.

మీ విషయంలో, రెండు జీబీ ర్యామ్ ఉన్న యంత్రాలనైనా పారేయకండి. తేలికపాటి లినక్స్ వేయండి. ఇంటర్నెట్ లేని లోటును కివిక్స్ అనే ప్రోగ్రాము చాలావరకు తీరుస్తుంది. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా ఒకసారి ఎక్కడైనా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేస్తే, ఆ తరువాత ఇంటర్నెట్ లేకుండా పిల్లలు లక్షకు పైగా ఉన్న వ్యాసాలను వెతుక్కుని చదువుకోవచ్చు. వేసిపెట్టే మనిషి కావాలంటే దగ్గర్లోని ఇంజినీరింగ్ కళాశాలలో లినక్స్ వాడే విద్యార్థుల బృందం ఏదైనా ఉందేమో వాకబు చేయండి. వారికి శనివారం గడపడానికి ఇంతకన్నా మంచి పని దొరకదు.

ప్రశ్న: వాట్సాప్ సందేశాలను కంపెనీ కూడా చదవలేదంటారు. మరి మా అమ్మాయి సిగ్నల్‌కు మారమని ఎందుకు పోరుతోంది? బంధువుల గ్రూపు, పాత విద్యార్థుల గ్రూపు, కాలనీ గ్రూపు అన్నీ ఇందులోనే ఉన్నాయి. (విశ్రాంత ఉపాధ్యాయురాలు, కరీంనగర్)

అమ్మా, మీరు విన్నదీ నిజమే, మీ అమ్మాయి భయమూ నిజమే. 2016 నుంచి వాట్సాప్ సందేశాలకు వేస్తున్న తాళం సిగ్నల్ వారు రూపొందించిన పద్ధతే. మీరు రాసిన మాట మీ ఫోనులోనూ, అవతలివారి ఫోనులోనూ తప్ప మధ్యలో ఎక్కడా తెరుచుకోదు. అయితే ఉత్తరం లోపలి మాట తెలియకపోయినా కవరు మీది చిరునామాలన్నీ ఏళ్ల తరబడి రాసిపెట్టుకునే పోస్టుమాను చేతిలో ఎంత సమాచారం ఉంటుందో ఆలోచించండి. మీరు ఎవరితో, ఏ వేళలో, ఎంత తరచుగా మాట్లాడతారు, ఏయే గ్రూపుల్లో ఉన్నారు, మీ ఫోనులో ఎవరెవరి నంబర్లున్నాయి అన్నవి ఆ తాళం కిందకు రావు. ఈ కంపెనీని 2014లో ఫేస్‌బుక్ దాదాపు 19 బిలియన్ డాలర్లు పెట్టి కొన్నది. 2021లో వచ్చిన గోప్యతా విధానం వాడుకదారుల సమాచారాన్ని మాతృసంస్థతో పంచుకోవడానికి ఒప్పుకోవడం తప్ప మరో దారి లేకుండా చేసిందని చెప్పి, 2024 నవంబరులో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ దానిపై అప్పీలుకు వెళ్లింది.

సిగ్నల్‌లో తేడా ఎక్కడుందో ఒక సంఘటనతో తేలిగ్గా తెలుస్తుంది. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ ఒక ఖాతా వివరాలన్నీ ఇవ్వాలని సిగ్నల్ వారికి ఆదేశం పంపింది. వారు ఇవ్వగలిగింది రెండే రెండు సంగతులు: ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వరుకు ఎప్పుడు కలిసింది. మిగతావి దాచిపెట్టుకోలేదు కాబట్టి ఇవ్వడానికి వారి దగ్గర ఏమీ లేదు. వాట్సాప్ స్థాపకుల్లో ఒకరైన బ్రయాన్ యాక్టనే ఆ కంపెనీ వదిలేసి వచ్చి, 2018లో 5 కోట్ల డాలర్లు పెట్టి సిగ్నల్ ఫౌండేషన్ స్థాపనలో పాలుపంచుకున్నాడు. అది విరాళాల మీద నడిచే లాభాపేక్ష లేని సంస్థ. సిగ్నల్‌లోనూ లోటు లేకపోలేదు. ఖాతా తెరవడానికి ఇప్పటికీ ఫోను నంబరు కావాలి, సర్వర్లన్నీ ఆ ఒక్క సంస్థ చేతిలోనే ఉన్నాయి. నంబరు అవతలివారికి కనపడకుండా దాచుకునే వీలు మాత్రం 2024లో వచ్చింది. ఇదే మాటల మీద టెలిగ్రామ్ గురించి కూడా అడుగుతుంటారు. అందులో మామూలు సంభాషణలకు, గ్రూపులకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేసే తాళమే లేదు కాబట్టి గోప్యత కోసం అక్కడికి వెళ్లడం పొయ్యి మీంచి పెనం మీదికి కూడా కాదు, పెనం మీంచి పొయ్యిలోకే.

బంధువులందరినీ తరలించే పని నెత్తిన వేసుకోకండి. పెళ్లిళ్ల సీజనులో గ్రూపు మార్చమంటే ఎవరూ వినరు, పైగా మీరు చాదస్తులైపోతారు. మీ అమ్మాయి, అబ్బాయి, ఇంట్లోవాళ్లు మాత్రం సిగ్నల్‌కు రండి. ఆరోగ్యం, డబ్బు, ఆస్తి కాగితాల సంగతులు అక్కడే మాట్లాడుకోండి. కాలనీ నీళ్ల ట్యాంకరు కబుర్లు వాట్సాప్‌లో ఉన్నా పోయేదేమీ లేదు. వాట్సాప్‌లో ఉంటూనే చేయాల్సింది ఇంకొకటి ఉంది. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచి, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ను ఆన్ చేయండి. ఇది 2021 నుంచి ఉంది గానీ దానంతటది ఆన్ కాదు. చేయకపోతే ఫోనులో తాళం వేసి ఉన్న సందేశాల నకలు ఆ తాళం లేకుండా క్లౌడ్‌లో పడి ఉంటుంది. అప్పుడు ఇచ్చే పాస్‌వర్డును కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, మరిచిపోతే తిరిగి ఇచ్చేవారు లేరు.

ప్రశ్న: మా తమ్ముడు అప్పు ఇచ్చే యాప్ ఒకటి వేశాడు. కాంటాక్టులు, ఫోటోలు చూడటానికి అనుమతి ఇస్తేనే ముందుకు వెళ్తానంటోంది. ఇవ్వవచ్చా? (నిజామాబాద్)

ఇవ్వవద్దు. ఆ యాప్‌ను వెంటనే తీసేయమనండి. 2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల మీద వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. చిన్న అప్పులకు చెప్పలేనంత వడ్డీ వేసి, కట్టడం ఆలస్యమైతే ఫోనులోని నంబర్లన్నిటికీ అవమానకరమైన సందేశాలు పంపి వేధించడంతో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌ల ఆయుధమంతా మొదటి రోజు నొక్కిన ఆ ఒక్క 'అలో' బొత్తాములోనే ఉంది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నియమాల ప్రకారం రుణ యాప్‌లు ఫోనులోని ఫైళ్లు, ఫోటోలు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి వెళ్లకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ మాత్రం అనుమతి తీసుకుని ఒకసారి వాడుకోవచ్చు. కాబట్టి కాంటాక్టులు అడుగుతున్న యాప్ నియమం తప్పినట్టే లెక్క. ఇప్పటికే వేధింపు మొదలై ఉంటే 1930 నంబరుకు ఫోను చేయండి, వచ్చిన సందేశాలను చెరిపేయకుండా ఉంచండి.

గోప్యత పౌరుడి ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పింది. దాని తరువాత వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, వాటిలో కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. హక్కు ఉందన్న మాటకూ, ఆ హక్కు పేరుతో ఒక యాప్‌ను నిలదీయడానికీ మధ్య ఇన్నేళ్లు గడిచాయి. ఈలోగా చేయి కాల్చుకోకుండా ఉండాలంటే ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ల జాబితా తెరిచి, కాంటాక్టులు ఎవరెవరికి ఇచ్చారో ఒకసారి చూడండి. టార్చిలైటు యాప్‌కు మీ బావగారి నంబరుతో పని లేదు. కొత్త యాప్ కావాలంటే ముందు ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల భాండాగారంలో వెతకడం అలవాటు చేసుకోండి. అక్కడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు యాప్‌లే ఉంటాయి, ఏదైనా యాప్ మీ కదలికలను గమనిస్తుంటే ఆ సంగతి దాని పేజీలోనే రాసి ఉంటుంది. ముఖ్యంగా కీబోర్డు యాప్ గురించి ఆలోచించండి, ఎందుకంటే మీరు కొట్టే ప్రతి అక్షరం దాని గుండానే వెళ్తుంది. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వారు తెచ్చిన ఇండిక్ కీబోర్డులో తెలుగు కూడా ఉంది.

ప్రశ్న: సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకూ కనిపిస్తుంది కదా? దాచిపెట్టిన కోడే భద్రం కదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామరు రాసిన అసలు పాఠం, కనిపిస్తే చాలు, భద్రమైపోతుందని నేనూ అనను. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం, వెబ్‌సైట్లతో మన సంభాషణకు తాళం వేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాములో రెండేళ్లకు పైగా అందరి కళ్ల ముందే ఉంది, ఎవరూ చూడలేదు. అయినా మీ ప్రశ్నకు అన్నిటికన్నా మంచి ఉదాహరణ 2024లో దొరికింది, దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాము, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఒక స్వచ్ఛంద కార్యకర్త తన ఖాళీ సమయంలో చూసుకునేవాడు. 2021 ప్రాంతంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి ఓపికగా సాయం చేయడం మొదలుపెట్టారు. పని ఆలస్యమవుతోందని వేరే పేర్లతో కొందరు ఆ కార్యకర్తను వేధిస్తూ ఉత్తరాలు రాశారు. చివరకు ప్రోగ్రాము విడుదల చేసే అధికారం జియా టాన్ చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చిన 5.6.0, 5.6.1 రూపాల్లో దొంగదారి పెట్టేశారు. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లోకి ఆ దారి తెరుచుకుంటుంది. ప్రపంచంలో ఎన్ని సర్వర్లు దాని మీద ఆధారపడి ఉన్నాయో మీకు తెలుసు.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజినీరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు తయారీదారుల్లో ఒకడు. తన పని తాను పరీక్షించుకుంటుండగా ఎస్ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. ఆ ఆలస్యం ఎక్కడిదా అని తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ దగ్గర తేలింది. 2024 మార్చి 29న ఆయన సంగతి లోకానికి వెల్లడించాడు. ప్రధాన లినక్స్‌ల స్థిరమైన విడుదలల్లోకి ఆ రూపాలు చేరకముందే, ప్రయోగదశలో ఉన్న రూపాల్లోనే దాన్ని పట్టుకోగలిగారు. జియా టాన్ ఎవరో నేటికీ బయటపడలేదు.

దీని నుంచి రెండు విషయాలు గమనించాలి. కోడ్ చదివే హక్కు, దాన్ని విప్పి పరీక్షించే హక్కు లేకపోతే ఒక కంపెనీ ఉద్యోగి తనది కాని ప్రోగ్రాములో లోపాన్ని ఇలా తవ్వి తీయగలిగేవాడే కాదు. రెండోది అంత సంతోషించాల్సింది కాదు. దొంగదారిని మేలుకొలిపే కీలకమైన ముక్కను బహిరంగంగా కనిపించే కోడ్ భాండాగారంలో కాకుండా, విడుదల కోసం విడిగా కట్టిన మూటలో మాత్రమే దాచారు. తక్కినది పరీక్షల ఫైళ్లలో మారువేషంలో ఉంది. అందువల్ల ఇప్పుడు చాలా బృందాలు మూటలను నమ్మకుండా భాండాగారం నుంచే ప్రోగ్రామును కట్టుకోవడం, ఎవరు కట్టినా ఒకే ఫలితం వస్తుందో లేదో సరిచూడటం మీద శ్రద్ధ పెడుతున్నాయి. మీరు చేయదగిన పని కావాలంటే ఇది మంచి అంశం, మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఎక్కడో కొనుక్కొచ్చిన కోడ్ కన్నా వెయ్యి రెట్లు నయం.

ప్రశ్న: విదేశీ కంపెనీలు వద్దనుకుంటే మన దేశపు యాప్‌లు వాడితే చాలదా? (హైదరాబాద్)

దేశీయం కావడం వల్ల కొన్ని లాభాలున్నాయి, మన చట్టం పరిధిలో ఉంటాయి. కానీ ట్విటర్‌కు పోటీగా వచ్చిన 'కూ' సంగతి గుర్తుచేసుకోండి. 2020లో మొదలై, తెలుగుతో సహా ఎన్నో భారతీయ భాషల్లో లక్షలమందిని చేర్చుకున్న ఆ వేదిక 2024 జులైలో మూతపడింది. పెట్టుబడి కుదరలేదు, తలుపు వేశారు; తెలుగులో రాసినవారికి ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేదు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో జనం ఎగబడిన, చెన్నైకి చెందిన జోహో కంపెనీవారి సందేశాల యాప్ అరట్టైలో ఆనాటికి కాల్స్‌కు తప్ప రాతపూర్వక సందేశాలకు ఎండ్-టు-ఎండ్ తాళం లేదు; తరువాత తెస్తామని ప్రకటించారు. యజమాని చెన్నైవాడా, కాలిఫోర్నియావాడా అన్నదానితో పాటు, ఆ యజమాని మనసు మార్చుకున్న రోజున మన రాతలు, మన పరిచయాలు తీసుకుని వేరేచోటికి పోగలమా అని కూడా అడగాలి.

మాస్టడాన్ ఆ ప్రశ్నకు ఒక జవాబు. అది ట్విటర్‌లాంటి వేదికే గానీ, ఒక కంపెనీ సైటు కాదు, వేలకొద్దీ సర్వర్ల సమూహం. ఒకచోట ఖాతా ఉన్నవారు మరోచోట ఉన్నవారిని అనుసరించవచ్చు. తమ సర్వరు నచ్చకపోతే అనుచరులతో సహా ఇంకో సర్వరుకు మారిపోవచ్చు, పాత పోస్టులు మాత్రం వెంట రావు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విటర్ ఖాతాను నిలిపేసినప్పుడు మన దేశం నుంచి చాలామంది అక్కడికి వెళ్లారు, వారిలో ఎక్కువమంది కొద్ది వారాలకే వెనక్కి వచ్చారు. మనవాళ్లు లేని ఊళ్లో ఎంత మంచి ఇల్లు దొరికినా ఉండబుద్ధి కాదన్నది ఒప్పుకోవాల్సిందే.

ప్రశ్న: మా సాహితీ బృందం చర్చలన్నీ చాలాకాలంగా ఫేస్‌బుక్ గ్రూపులో నడుస్తున్నాయి. పాత చర్చ ఒకటి కావాలంటే దొరకదు. ఎక్కడికి మారితే మంచిది? (డాలస్, అమెరికా)

మీకన్నా ముందుతరం తెలుగువారు ఈ దెబ్బ ఒకసారి తిన్నారు. ఇంటర్నెట్ తొలిరోజుల్లో ప్రవాసాంధ్రులు యూజ్‌నెట్ అనే పాత చర్చావేదికల వ్యవస్థలోని ఎస్‌సీఐటీ (సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు) మీద ఇంగ్లీషు లిపిలోనే తెలుగు రాసుకుంటూ సాహిత్యం మాట్లాడుకున్నారు. తరువాత యాహూ గ్రూపుల్లో 'రచ్చబండ' లాంటివి వచ్చాయి. ఛందస్సు మీద, వ్యాకరణం మీద, కొత్త కథల మీద జరిగిన వాదాలు అక్కడ పోగుపడ్డాయి. 2019 అక్టోబరులో యాహూ ఒక ప్రకటన ఇచ్చి, గ్రూపుల్లోని పాత రాతలన్నీ తొలగిస్తున్నామనీ, కావలసినవారు కొద్ది వారాల్లో దింపుకోవాలనీ చెప్పింది. 2020 డిసెంబరు 15న ఆ సేవే ముగిసింది. ముందే దింపుకున్నవారి దగ్గర ఉన్నవి ఉన్నాయి.

ఫేస్‌బుక్‌లో మీ సమాచారం దింపుకునే సదుపాయం ఉంది గానీ, అందులో మీరు రాసినవే వస్తాయి. గ్రూపులో ఇతరులు ఇచ్చిన జవాబులు రావు. ప్రశ్నలు లేని జవాబులు, జవాబులు లేని ప్రశ్నలు మిగులుతాయి. కాబట్టి పాతవాటిలో ముఖ్యమైన చర్చలను ఇప్పటి నుంచే, రాసినవారిని అడిగి, నకలు చేసి పెట్టుకోండి. మూసి ఉన్న గ్రూపులో నలుగురి మధ్య అన్న మాటను వారికి చెప్పకుండా బహిరంగ వెబ్‌సైటులో పెట్టడం మర్యాద కాదు. తిరస్కరించినవారి మాటలు వదిలేయండి, చర్చ కుంటుపడినా సరే.

కొత్త ఇంటికి ముందు బృందం పేరు మీద ఒక డొమైను, అంటే సొంత వెబ్ చిరునామా, కొనండి. అది మీ చేతిలో ఉన్నంతకాలం లోపలి సాఫ్ట్‌వేరు మార్చినా, సర్వరు మార్చినా చిరునామా మారదు. మీవారిలో ఎక్కువమంది ఈమెయిలుకు అలవాటుపడినవారైతే ఈమెయిలు చర్చలు నడిపే గ్నూ మెయిల్‌మాన్ చాలు; ప్రతి ఉత్తరం సభ్యులందరి ఇన్‌బాక్సులోనూ ఒక నకలుగా ఉంటుంది కాబట్టి ఏ సర్వరు పోయినా చర్చ మొత్తం పోదు. పద్యాలు, బొమ్మలు, వర్గీకరణ కావాలంటే డిస్కోర్స్ అనే చర్చావేదిక ప్రోగ్రాము మేలు. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. సాఫ్ట్‌వేరుకు డబ్బు అక్కర్లేకపోయినా సర్వరుకు నెలనెలా అద్దె కట్టాలి, తాజా మరమ్మతులు వేయాలి, చెత్త ఖాతాలను ఏరేయాలి. ఇవన్నీ ఒక్కరి నెత్తిన పడితే ఆ మనిషికి ఉద్యోగం మారిన రోజున మీ సాహిత్యం ఆగిపోతుంది. కనీసం ఇద్దరి దగ్గర పాస్‌వర్డులుండాలి, డొమైను రుసుము ముందుగానే కొన్నేళ్లకు కట్టి ఉంచాలి, బ్యాకప్ వేరే ఖండంలో ఉన్న సభ్యుడి ఇంట్లో ఉండాలి. మీ బృందంలో ఇలా పట్టించుకునేవారు ఇద్దరు లేరనుకుంటే నిజాయితీగా ఫేస్‌బుక్‌లోనే ఉండండి, నెలకోసారి నకలు తీసుకోండి.

ప్రశ్న: నాకు ప్రోగ్రామింగ్ రాదు. తెలుగు బాగా వచ్చు, మధ్యాహ్నాలు తీరిక ఉంటుంది. ఈ పనుల్లో నేనేమైనా చేయగలనా? (గృహిణి, అనంతపురం)

తెలుగు బాగా వచ్చినవారి కొరతే ఇక్కడ ఎక్కువ. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ లాంటివాటి తెలుగు రూపాల్లో మాటలు సరిదిద్దవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరి వీధులు, చెరువులు, గుళ్లు తెలుగు పేర్లతో చేర్చవచ్చు. కానీ మీరు రాసిన తీరును బట్టి మీకు తెలుగు వికీసోర్స్ నచ్చుతుందనిపిస్తోంది. కాపీహక్కుల గడువు తీరిన పాత పుస్తకాలను అక్కడ అక్షరం అక్షరం యూనికోడ్‌లోకి తెస్తారు. తెర మీద ఒకవైపు పాత పుస్తకం పేజీ బొమ్మ, మరోవైపు యంత్రం దాన్ని చదివి రాసిన పాఠం కనిపిస్తాయి. యంత్రం 'ఘ'ను 'ఫ'గా, బండిరను 'ర'గా చదివి ఉండవచ్చు. మీరు బొమ్మ చూసి పాఠం దిద్దుతారు. ఖాతా తెరవడానికి అసలు పేరు ఇవ్వనక్కర్లేదు. దిద్దని పేజీకి ఎరుపు రంగు ఉంటుంది, మీరు దిద్ది భద్రపరిస్తే పసుపు అవుతుంది. దాన్ని మరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. పసుపు చేసినవారే ఆకుపచ్చ చేయడానికి అక్కడి ఏర్పాటు ఒప్పుకోదు. ఎరుపు పేజీలు చాలానే ఉన్నాయి గానీ, పసుపు దగ్గరే ఆగిపోయి రెండో మనిషి కోసం చూస్తున్నవి కూడా ఉన్నాయి. కొత్తవారికి వాటితో మొదలుపెట్టడం తేలిక.